చిప్సూ విషమే, గడ్డిమందూ విషమే అంటే పిల్లాడు దేన్ని నమ్మాలి?

పలాస వైపు ఒక పల్లె నుంచి ఒక చెల్లి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, ఊరు పేరు వేయొద్దంది. చాలా పెద్దది, సారం మాత్రం ఇదీ.

ఆమె జీడి పరిశ్రమలో పని చేస్తుంది, గుండూ బద్దా (నిండు పప్పూ, చీలిన పప్పూ) వేరు చేసే పని. భర్త చెన్నైలో సెంట్రింగు పనికి వెళ్తాడు, సంక్రాంతికి ఒకసారి, ఊళ్లో అమ్మవారి సంబరానికి ఒకసారి వస్తాడు. అయిదేళ్ల కొడుకు, రెండున్నరేళ్ల కూతురు. పగలు పిల్లల్ని చూసుకునేది అత్తే. ఆమెకి అడ్డచుట్ట అలవాటు, అంటే మండే కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఈమధ్య బడిలో పిల్లలకి పొగాకు గురించి బొమ్మల చార్టు చూపించి "చుట్ట తాగితే చచ్చిపోతారు" అని చెప్పారట. పిల్లాడు ఇంటికొచ్చి నానమ్మ చుట్టల కట్ట తీసుకెళ్లి మంచినీళ్ల బిందెలో పడేశాడు. అత్త ఊరుకోలేదు. "ఈ గుంటడికి నువ్వే నేర్పినావు, నన్ను చావమంటన్నాడు" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ వారంలోనే మరిది కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చిపెట్టుకున్న గడ్డిమందు చిన్నపిల్ల చేతిలో కనపడింది. మూత బిగుతుగా ఉంది కాబట్టి సరిపోయింది. ఆ భయంలో ఈమె కొడుకుని కూర్చోబెట్టి, చుట్ట విషం, ఫినాయిలు విషం, గడ్డిమందు విషం, చిప్స్ విషం, కూల్‌డ్రింక్ విషం, అడక్కుండా మాత్రలు మింగితే అవీ విషం అని గట్టిగా చెప్పింది. తర్వాత వాడికి జ్వరమొచ్చింది. సిరప్ నోట్లో పోస్తే ఉమ్మేసి ఏడుపు, "విషం ఇస్తన్నావు" అని. రాత్రిళ్లు లేచి నానమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూస్తున్నాడట. "అక్కా, వీడికి ఎలా చెప్పాలి, అత్తకి ఎలా చెప్పాలి, బడిలో మాట్లాడాలా వద్దా, ఇల్లు వేరే పెట్టేయమని మా అమ్మ అంటోంది, నాకు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు" అని ముగించింది.

చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. నీ ఉత్తరంలో అత్త గురించి రెండు పేజీలు ఉంది, గడ్డిమందు గురించి రెండు లైన్లు. నేను మాత్రం ఆ రెండు లైన్ల నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే అడ్డచుట్ట సంగతి నెల్లాళ్లు ఆగినా ఆగుతుంది, ఆ సీసా ఇవాళ సాయంత్రం దాకా కూడా ఆగకూడదు.

అది ఏ గడ్డిమందో నువ్వు రాయలేదు, బహుశా నీకూ తెలీదు, అసలు సమస్య కూడా అదే. కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చగానే లేబులు పోయింది. పారాక్వాట్ రకమైతే దానికి విరుగుడు మందు లేదు, చిన్న గుక్క చాలు, ముందు బాగానే ఉన్నట్టు కనపడి తర్వాత ఊపిరితిత్తులూ కిడ్నీలూ పాడవుతాయి. వేరే రకమైతే అంత ఉండకపోవచ్చు. కానీ పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తే "ఏం తాగింది" అని డాక్టరు అడిగినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు. మరిదితో గొడవ పడనక్కర్లేదు. "బాబూ, పొలం మందులు కొన్న డబ్బాలోనే ఉండాలి, తాగే సీసాలో వద్దు, ఇంట్లో పెడితే తాళం వేసిన పెట్టెలో పెట్టు, లేకపోతే మోటారు షెడ్డులో పెట్టు" అని చెప్పు. షెడ్డులో పెడితే అతనికి నడక ఎక్కువ, పెట్టెలో పెడితే తాళం గుర్తు పెట్టుకోవాలి, ఏదో ఒకటి ఎంచుకోమను. "ఇదేం పెద్ద మందు కాదు వదినా" అంటే డబ్బా మీద రంగు చూపించమను. మన దేశంలో పురుగుమందుల లేబులు మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో గుర్తు ఉంటుంది, ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు. ఆకుపచ్చ అయినా పిల్లలకి అందకూడదు, అది వేరే సంగతి.

ఆ చేత్తోనే ఇల్లంతా ఒకసారి చూడు, నిలబడి కాదు, కూర్చుని, నీ కూతురి కళ్ల ఎత్తులో. మంచం కింద ఏముంది, పొయ్యి గట్టు కింద ఏముంది. ఫినాయిలు, బాత్రూం యాసిడ్ ఎలాగూ చూస్తావు. చాలామంది చూడనివి వేరే ఉన్నాయి. దేవుడి గూట్లో కర్పూరం, చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి. బట్టల పెట్టెలో కలరా ఉండలు, కొంతమంది పిల్లలకి వీటితో రక్తకణాలు విరిగిపోతాయి. ఎలుకలకి పెట్టే పేస్టు ఇంకా మోసం చేస్తుంది, తిన్న రోజు పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది, రెండు మూడు రోజులకి లివరు దెబ్బతింటుంది, కాబట్టి "బాగానే ఉంది కదా" అని ఇంట్లో ఉంచేయకూడదు. నీకు కాన్పు అప్పుడు ఇచ్చిన ఐరన్ మాత్రలు మిగిలి ఉంటే అవి ఎర్రగా, నున్నగా, రంగు చాక్లెట్లలా ఉంటాయి. మీ అత్తకి సుగర్ ఉందని రాశావు, ఆ మాత్రలు ఎక్కడ ఉంటాయో రాయలేదు. రొంటిలోనో తలగడ కిందో ఉంటాయని నా అనుమానం, మన పెద్దవాళ్ల పద్ధతి అదే. సుగర్ మాత్రల్లో కొన్ని రకాలు ఒక్కటి మింగినా రెండేళ్ల పిల్లకి షుగరు పడిపోయి స్పృహ తప్పుతుంది.

ఒకవేళ ఏదైనా మింగేస్తే వాంతి చేయించకు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, పచ్చిగుడ్డు, ఎవరేం చెప్పినా పోయొద్దు. కిరోసిను, యాసిడ్ లాంటివి వాంతిలో మళ్లీ పైకొచ్చి రెండోసారి కాలుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. నోట్లో మిగిలింది తుడిచి, 108కి ఫోన్ చేసి, ఆ సీసా లేదా మాత్రల స్ట్రిప్పు పట్టుకుని వెళ్లిపో. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, డబ్బులు పడవు. ఈ రెండు నంబర్లూ తలుపు వెనక బొగ్గుతో రాసినా సరే, మీ అత్తకి కనపడాలి, పగలు ఇంట్లో ఉండేది ఆవిడే కదా. ఇంకో మాట, చుట్టలు నానిన ఆ బిందె నీళ్లు పారబోశావు అనుకుంటున్నాను. పొగాకులో నికోటిను నీళ్లలోకి దిగుతుంది, అవి తాగే నీళ్లు కావు, బిందె తోమి మళ్లీ పట్టుకో.

ఇప్పుడు పిల్లాడు.

నువ్వు ఆ సాయంత్రం చెప్పినవాటిలో అబద్ధాలు రెండే, చిప్స్ విషం, కూల్‌డ్రింక్ విషం అన్నవి. అవి ఆరోగ్యానికి మంచివి కావు, చిప్స్ రోజూ తింటే ఉప్పూ నూనే ఎక్కువ, అన్నం తినడు, ఇవన్నీ నిజం. కానీ విషం కావు. వాడు రేపు ఎవరి పుట్టినరోజుకో వెళ్తాడు, చిప్స్ తింటాడు, చావడు. అప్పుడు వాడి బుర్రలో ఏ లెక్క నడుస్తుందో చూడు. అమ్మ విషం అంది, తిన్నాను, ఏం కాలేదు, అయితే అమ్మ చెప్పిన మిగతా విషాలు కూడా ఇంతే. గడ్డిమందు కూడా ఇంతే. నువ్వు భద్రత కోసం వాడిన మాటే భద్రతని తినేస్తుంది. లేదంటే ఇప్పుడు జరుగుతున్నట్టు రెండో వైపు వెళ్తాడు, అన్నీ విషమే, సిరప్ కూడా విషమే. ఈ రెండింటిలో ఏది అయినా తప్పు పిల్లాడిది కాదు, అయిదేళ్ల వయసులో మాటని మాటలాగే తీసుకుంటారు, "చుట్ట తాగితే చచ్చిపోతారు" అంటే వాడికి ముప్ఫై ఏళ్ల తర్వాత అని కాదు, ఈ రాత్రే అని.

విషం అన్న మాటని వెనక్కి తీసుకో, నిజంగా విషమైనవాటికి మాత్రమే దాచుకో. వాడికి అర్థమయ్యేట్టు చెప్పడానికి నీ చేతిలోనే మంచి వస్తువు ఉంది. జీడిపిక్క. పలాసలో పుట్టిన పిల్లాడికి దీనికంటే మంచి పాఠం ఏ చార్టులోనూ లేదు. ఒక పిక్క తెచ్చి వాడి ముందు పెట్టు, వాడి చేతికి మాత్రం ఇవ్వకు. లోపల పప్పు మనం తింటాం, పండక్కి పాయసంలో వేస్తాం. పైన డొల్లలో ఉన్న జిడ్డు చేతికి తగిలితే చర్మం కాలిపోతుంది, పిక్కలు కొట్టేవాళ్ల వేళ్లు ఎలా నల్లబడతాయో, బూడిదో ఆముదమో రాసుకుని ఎందుకు కూర్చుంటారో వాడు చూసే ఉంటాడు. ఒకే పిక్కలో తినేదీ ఉంది, కాల్చేదీ ఉంది. కాబట్టి చూసి తెలుసుకోలేం, వాసన చూసి తెలుసుకోలేం, అడిగి తెలుసుకోవాలి. ఇంతే వాడికి కావలసిన రూలు: నోట్లో పెట్టుకునే ముందు అడుగు. అమ్మనో, నానమ్మనో, టీచర్నో. దొడ్లో పచ్చగన్నేరు కాయలకీ, కంచె మీద అడవి ఆముదం గింజలకీ, గురివింద గింజలకీ ఇదే రూలు, అన్నిటి పేర్లూ బట్టీ పట్టించనక్కర్లేదు. ఆ వయసు పిల్లలు చాలా జాబితాలు చెప్తే అందులో ఒకటి మర్చిపోతారు, ఆ ఒకటే నోట్లో పెట్టుకుంటారు.

దాన్ని ఆటగా చేయొచ్చు. వంట చేస్తున్నప్పుడు ఉప్పూ, పంచదారా, సర్ఫూ, ముగ్గుపిండీ నాలుగు గిన్నెల్లో నీ ఎదురుగా పెట్టి "చూసి చెప్పు, ఏది తినేది" అని అడుగు. చెప్పలేడు, నువ్వూ దూరం నుంచి చెప్పలేవు, అది వాడికే తమాషాగా ఉంటుంది. ముట్టుకోనివ్వకు, అయిపోగానే తీసేయి. కానీ ఒక్కటి గుర్తుంచుకో, ఈ పాఠమంతా కొడుక్కే. రెండున్నరేళ్ల కూతురికి ఏ పాఠమూ లేదు, దానికి తాళమే పాఠం. పైగా "చెల్లిని చూసుకో" అని ఆ భారం వాడి మీద వేయకు. చెల్లి ఏదైనా నోట్లో పెడితే లాక్కోవడం వాడి పని కాదు, పెద్దగా కేక వేయడం వాడి పని.

మందుల సంగతి. ఇక్కడ రెండు దారులు ఉన్నాయి, రెండిటికీ ఇబ్బందులు ఉన్నాయి. పాలల్లో కలిపి తెలీకుండా పట్టేయొచ్చు. ఇవాళ్టికి గడుస్తుంది, కానీ వాడు రుచి పట్టేస్తే పాలు కూడా మానేస్తాడు, అమ్మ దాచి ఇస్తుందని అనుమానం నిలిచిపోతుంది. రెండోది, నెమ్మది దారి. సీసా వాడికి చూపించు, దీని మీద రాసి ఉంది, డాక్టరు ఇంతే వేయమన్నారు, ఈ గీత దాకా, అని మూతలో పోసి చూపించు, ఒక్కోసారి గీత దాకా వచ్చిందో లేదో వాడినే చూడమను. "ఇది జ్వరానికి, జ్వరం ఉన్నప్పుడే, అమ్మ చేత్తోనే. నువ్వు తీసుకుంటే ఎక్కువైపోతుంది, ఎక్కువైతే కడుపులో చెడిపోతుంది." ఈ మాటలో భయం ఉంది, కానీ అబద్ధం లేదు. పారాసెటమాల్ నిజంగానే ఎక్కువైతే లివరుకి చేటు. మొదటి రెండు పూటలు ఉమ్మేస్తాడు, ఓపిక పట్టు. "చాక్లెట్ లాంటిదిరా, తియ్యగా ఉంటాది" అని మాత్రం ఎప్పుడూ అనకు, నిజంగా తియ్యగా ఉంటే ఇంకా అనకు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రా, ఫిబ్రవరి 10న ఇచ్చే నులిపురుగుల మాత్రా కూడా వాడు తీసుకోవాలి కదా, ఈ భయం అక్కడిదాకా పాకకముందే తగ్గించాలి.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను, దీని మీద నీకు నేను చెప్పేది పెద్దగా లేదు. చోడి (రాగి) అంబలి తాగుతున్నాడు, అంగన్‌వాడీలో చిన్నదానికి గుడ్డు, పాలు అందుతున్నాయి అని రాశావు, చాలు. చిప్స్ పూర్తిగా మాన్పిస్తే కొట్టు దగ్గర వాడి కళ్లు అక్కడే ఉంటాయి, ఇంట్లో పైసలు కూడా మాయమవుతాయి. ఆదివారం ఒక ప్యాకెట్టు అని పెట్టుకుంటే ఆదివారం దాకా గొణుగుతాడు, ఆ గొణుగుడే నీకు మిగిలే ఇబ్బంది. నేనైతే రెండోదే ఎంచుకుంటాను.

ఇక మీ అత్త. ఆవిడ పొగ గురించి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మంట ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లకే ఎక్కువ, అంగిలి మీద తెల్లటి మచ్చలూ పుండ్లూ, కొందరికి క్యాన్సరూ దీనితోనే వస్తాయని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనంలో అడ్డచుట్ట ప్రభావం చూడటానికి ఆంధ్రా పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు పరీక్ష చేశారు. అంటే అక్కడి ఆడవాళ్ల నోళ్లు ప్రపంచంలో డాక్టర్లు చదివే పుస్తకాల్లోకి ఎక్కాయి, ఆ సంగతి ఆ నోళ్లున్న వాళ్లకి చాలామందికి చెప్పలేదు. ఇది నాకు ఎప్పుడూ కోపం తెప్పించే విషయం, పక్కన పెడతాను.

ఆవిడకి చెప్పే దారులు చూద్దాం. భర్తతో ఫోన్ చేయించొచ్చు. కొడుకు మాట కాబట్టి రెండు రోజులు వింటుంది, కానీ నువ్వే చాడీలు చెప్పావని అనుకుంటుంది, అతను చెన్నైలో ఉంటాడు, ఆ మూతి ముడుపు రోజూ చూడాల్సింది నువ్వు. మీ అమ్మ అన్నట్టు వేరే కాపురం పెట్టొచ్చు. అప్పుడు ఇంట్లో పొగ ఉండదు, నిజమే. కానీ నువ్వు పరిశ్రమకి వెళ్తే పిల్లలు ఎక్కడ ఉంటారు? అంగన్‌వాడీ సాయంత్రం దాకానే, నీ షిఫ్టు ఎప్పుడు అవుతుందో నీకే తెలుసు. నీకు వేరే కారణాలుంటే ఆ కారణాలతోనే వేరు పడు, నేను కాదనను, కానీ చుట్టని సాకు చేయకు. చేస్తే రేపు పిల్లాడు "నా వల్లే నానమ్మ దూరమైంది" అనుకుంటాడు, బిందెలో చుట్టలు వేసింది వాడే కదా.

ఇంకో దారి, నువ్వే మాట్లాడటం. చుట్ట మానేయమని అడగకు. అది అడిగితే మొత్తం మాట అక్కడే ఆగిపోతుంది. మూడు చిన్నవి అడుగు. పిల్లలు ఉన్న గదిలో వద్దు, అరుగు మీదో దొడ్లోనో కాల్చుకోమను, పిల్లలకి పొగతో దగ్గూ ఆయాసమూ చెవిపోటూ ఊరికే వస్తాయని చెప్పు. చుట్టలూ అగ్గిపెట్టే మాత్రలూ రొంటిలో కాకుండా పై గూట్లో పెట్టమను, చిన్నది చుట్ట ముక్క నమిలినా వాంతులై కళ్లు తేలేస్తుందని చెప్పు. మూడోది, పిల్లాడిని కొట్టుకి చుట్టలకి పంపొద్దు, పొయ్యి దగ్గర ముట్టించుకు రమ్మనొద్దు. ఇందులో మూడూ ఒప్పుకోదు. రెండు ఒప్పుకుంటే సంతోషించు, వర్షం పడినప్పుడు గదిలోనే కాలుస్తుంది, అప్పుడు మళ్లీ చెప్పు. కొట్టు సంగతి ఆవిడతో తేలకపోతే కొట్టాయనతో చెప్పు. 2003 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి పొగాకు అమ్మకూడదు, 2015 బాలల న్యాయ చట్టంలో పిల్లలకి పొగాకు ఇచ్చినవాళ్లకి ఏడేళ్ల దాకా జైలు ఉంది. ఈ చట్టాలు అత్త ముందు ఎత్తకు, కొట్టు దగ్గర ఒకసారి మెల్లగా అంటే చాలు.

దీనితో పాటు నేను గట్టిగా అడిగేది ఒకటుంది. ఆవిడ నోరు చూపించు. ముప్ఫై దాటినవాళ్లకి బీపీ, సుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష కూడా మన ఆరోగ్య కార్యకర్తలు చేయాలి, ఏఎన్ఎం వచ్చినప్పుడు "మా అత్త అంగిలి చూడండమ్మా" అని అడుగు, తేడా ఉంటే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పళ్ల డాక్టరుకి పంపుతారు. చూసినంత మాత్రాన మానేస్తుందని నేను చెప్పలేను, దశాబ్దాల అలవాటు. కానీ మచ్చ తొందరగా కనపడితే బతుకుతుంది, పైగా ఆ మాట కోడలి నోటి నుంచి కాకుండా డాక్టరు నోటి నుంచి వస్తుంది. "సుగర్ మాత్రలకి వెళ్దాం రా అత్తా" అని తీసుకెళ్లు, అబద్ధం కూడా కాదు.

రాత్రి ఊపిరి చూస్తున్న పిల్లాడికి నువ్వూ అత్తా కలిసి చెప్పాలి, వీలైతే ఆవిడ నోటితోనే. "నానమ్మ ఇవాళ బాగుంది. చుట్ట మంచిది కాదు, దాన్ని వదలడం నానమ్మకి కష్టంగా ఉంది, అందుకే డాక్టరుకి చూపిస్తున్నాం. అది పెద్దవాళ్ల పని, నీ పని కాదు. చుట్టలు దాచకు, పారేయకు." వాడు "చచ్చిపోద్దా ఏటి?" అని అడుగుతాడు. "ఎప్పటికీ చావదు" అని చెప్పకు, అదీ అబద్ధమే. "ఇప్పుడు కాదురా, డాక్టరు చూస్తారు" అను. చెడ్డది చుట్ట, నానమ్మ కాదు, ఈ తేడా వాడికి ఒక్కసారి చెప్తే ఎక్కదు, వాడు అడిగినప్పుడల్లా చెప్పు.

బడికి వెళ్లాలా అని అడిగావు. వెళ్లు, ఫిర్యాదుగా కాదు. టీచరు చెప్పింది మంచికే, పెద్ద తరగతుల వాళ్లకి ఆ చార్టు పనికొస్తుంది, ఒకటో తరగతికి కాదు. మా వాడు రాత్రి నిద్ర లేస్తున్నాడమ్మా అని జరిగింది చెప్పు, ఆ క్లాసులో ఇంట్లో చుట్టో బీడీయో ఉన్న పిల్లలు నీ కొడుకొక్కడే అయ్యుండడు. చిన్నపిల్లలకి చావు కాకుండా "ఏది నోట్లో పెట్టుకోవాలన్నా అడగాలి" అన్నది చెప్పమని అడుగు, జీడిపిక్క నువ్వే తీసుకెళ్తానను. వినకపోతే తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో చెప్పొచ్చు, కానీ నలుగురిలో చెప్తే టీచరు చిన్నబుచ్చుకుంటారు, కాబట్టి ముందు విడిగా మాట్లాడి చూడు. గడ్డిమందు సీసా ఏమైందో మాత్రం నాకు మళ్లీ రాయి.